ఒంటిచేత్తో తెరుచుకోని పెట్టె

పోయిన ఆదివారం ఢిల్లీ పక్కన మా వైశాలి అపార్ట్‌మెంట్ల సొసైటీ గేటు దగ్గర ఒక చెక్క పెట్టెకీ, ఒక కబాడీ అతనికీ యుద్ధం జరిగింది. పెట్టె గెలిచింది.

కమిటీవాళ్ళు వాచ్‌మన్ గదికి కొత్త ప్లాస్టిక్ కుర్చీలు కొన్నారు. కొన్నాక, గేటు పక్కన ఎన్నాళ్ళుగానో పడి ఉన్న పెట్టె ఉన్నట్టుండి వాళ్ళ కళ్ళకి అసహ్యంగా కనబడింది. పాత సామాన్లు కొనే కబాడీ అతన్ని పిలిచారు. విరిచి చెక్కలు చేస్తే బండిలో తక్కువ చోటు పడుతుందని అతను ముందు కాలితో తన్నాడు. తర్వాత నెత్తి మీదికి ఎత్తి నేలకేసి కొట్టాడు. నేల మీది టైలు పగిలింది, పెట్టె పగల్లేదు. ఆఖరికి మూత సందులో ఇనప రాడ్డు దూర్చి లేపబోయాడు. రాడ్డు వంగిపోయిందని మర్నాడు నేను ఆఫీసులో చెప్పాను. నిజానికి వంగలేదు, జారి అతని చెప్పు మీద పడింది. కానీ ఆ పెట్టె చేసినాయన్ని ఎరిగిన దాన్ని కాబట్టి, రాడ్డు వంగడమే న్యాయమనిపించింది.

"క్యా హై ఇస్‌మే, దీదీ?" అని ఆయాసపడుతూ అడిగాడు కబాడీ అతను. ఇందులో ఏముంది అని.

ఒకప్పుడు నేనూ అదే అడిగాను. దాని మీద కూర్చున్నాయన గేటు వైపు చూస్తూనే జవాబిచ్చాడు.

"గాలమ్మా. కాపలా కాస్తన్నాను."

ఆయన పోయి ఒక చలికాలం దాటింది. పేరు రాయను. ఆయన భార్యని నేను పిన్ని అంటాను. "రాసుకో గానీ పేరెట్టకు. నువ్వు రాస్తే సగం కోతలే ఉంటాయి, ఆ కోతలకి ఆయన పేరెందుకు?" అని ఆవిడ ముందే చెప్పేసింది. న్యాయమే. ఆయన్ని నేను బాబాయ్ అనేదాన్ని. మిగతా లోకమంతా ఫౌజీ అనేది, సిపాయి అని.

మొదటిసారి ఆయన్ని చూడకముందు విన్నాను. ఢిల్లీలో ఆవకాయ పెట్టాలనుకునే తెలుగువాళ్ళకి ఒక పెద్ద కష్టం ఉంది. కాయలు దొరుకుతాయి, ఆవపిండి దొరుకుతుంది, నూనె దొరుకుతుంది. కాయని టెంకతో సహా ముక్కలు కొట్టేవాడు దొరకడు. కూరగాయలవాడికి ఇస్తే టెంక తీసి పారేసి, మెత్తని ముక్కలు చేతిలో పెట్టి, మంచిపని చేసినట్టు నవ్వుతాడు. ఆ వేసవిలో నేను సాహిబాబాద్ వైపు పండ్ల మండీలో సంచీడు పచ్చికాయలు కొని, వీటినెవరు కొడతారురా భగవంతుడా అనుకుంటూ మండీ వెనక సందులో నడుస్తున్నాను. ఎండ నడినెత్తిన ఉంది. రేకుల షెడ్డు లోపల్నుంచి శుద్ధ శ్రీకాకుళం తెలుగులో ఎవరో ఎవర్నో తిడుతున్నారు.

"ఏటే, వంగిపోయావా? ఒక్క దెబ్బకే వంగిపోతే నిన్నెవులు భర్తీ చేసుకున్నారే? సిగ్గు లేదూ?"

తొంగి చూశాను. ఆయన తిడుతున్నది ఒక మేకుని.

లోపల రంపపు పొట్టు మోకాలి ఎత్తున కుప్పపడి ఉంది. పాప్లర్ చెక్క బద్దలు ఒక గోడకి, పండ్ల పెట్టెలు ఇంకో గోడకి. పొట్టి మనిషి, నిక్కరు, బనీను, పెదవుల మధ్య వరసగా మేకులు. నన్ను చూసి మేకులు తీయకుండానే ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. మూల పీట మీద కూర్చుని వరిగడ్డి విడదీస్తున్న ఆవిడ తర్జుమా చేసింది: "లోపలికి రా అంతన్నారు. ఎండలో నిలబడకు." ఆవిడే పిన్ని.

సంచీ చూసి ఆయన ఇంకేమీ అడగలేదు. మేకులు తీసి జేబులో వేసుకున్నాడు. చెక్క నరికే మొద్దుని నీళ్ళతో కడిగాడు, బాడిసెని కడిగాడు, ఒక్కో కాయని నిలబెట్టి కొట్టాడు. దెబ్బకి ఒక కాయ, టెంక రెండు చీలికలు, జీడి బయటికి. ఒక్క ముక్క నలగలేదు. ఆ ఏడు నా ఆవకాయ గురించి నేను చెప్పినవన్నీ నిజాలే. నాకది అరుదు.

ఆయన సైన్యంలో చేసింది ఆయుధాల డిపోలో పెట్టెల పని. తుపాకీ మందు, గుళ్ళు కొండలెక్కి వెళ్ళే పెట్టెలు. కంచరగాడిద మీంచి లోయలో పడినా, లారీ బోల్తాపడినా పెట్టె విచ్చుకోకూడదు. "పెట్టె పడొచ్చమ్మా. తెరుచుకోకూడదు," అనేవాడు. ఉద్యోగమంతా ఆ ఒక్క వాక్యం మీద చేశాడు. పదవీ విరమణ అయ్యాక ఊరికి వెళ్ళలేదు. ఊళ్ళో ఫౌజీ వచ్చాడంటారు, ఇక్కడైతే వడ్రంగి అంటారని ఆయన లెక్క. మండీలో షెడ్డు పెట్టిన మొదటి రోజే అందరూ ఫౌజీ అన్నారు. ఆ లెక్క అలా తప్పింది.

షెడ్డులో ఒక గుంజకి ప్లాస్టిక్ కవరులో నీలం రంగు యూనిఫాం వేలాడుతుండేది. కవరు విప్పలేదు. నేను అదేమిటని అడిగితే బద్దలు ఏరుతూనే చెప్పాడు. పాత స్నేహితుడొకడు నోయిడాలో సెక్యూరిటీ ఏజెన్సీ నడుపుతున్నాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు గేటు డ్యూటీ ఇస్తానని కొలతలు తీసుకోకుండానే యూనిఫాం కుట్టించి పంపాడు.

"ఒకసారి ఆడి ఆఫీసుకెళ్ళానమ్మా. పెద్ద అపార్ట్‌మెంటు. గేటు కాడ మా సుబేదారు సాబు నిలబడున్నాడు. ఒకప్పుడు ఆయన ముందు నిలబడాలంటే నాను బొత్తాలన్నీ రెండుసార్లు చూసుకునీవోణ్ణి. కారొచ్చింది. ఎనక సీట్లో ఒక గుంటడు ఐస్‌క్రీం తింటన్నాడు. సుబేదారు సాబు వాడికి సెల్యూట్ కొట్టాడు. పూర్తి సెల్యూటు. ఆ గుంటడు చూణ్ణేదు కూడా."

ఏరిన బద్దల్ని గోడ వైపు తోసి, "నాను గేటు తీస్తాను, లెట్రిన్ కడుగుతాను. కారుకి సెల్యూట్ కొట్టను. నా సెల్యూట్ల కోటా అయిపోయింది," అన్నాడు.

అదీ ఆయన పందెం. షెడ్డు నిలబడితే ఆ కవరు విప్పక్కర్లేదు. నిలబడకపోతే విప్పాలి. పిన్ని మోకాళ్ళకి కంటోన్మెంటు ఆసుపత్రిలో వైద్యం నడుస్తోంది, ఊరికే కూర్చునే వీలు లేదు. అందుకే షెడ్డులో ఆ గుంజ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆయన భుజం కొంచెం పక్కకి తిప్పుకునేవాడు, ఇరుకు సందులో ఇష్టం లేని బంధువుకి దారి ఇచ్చినట్టు.

సాయంత్రం అయ్యేసరికి పెట్టెలకి పెరేడు ఉండేది. నవ్వులాటకి కాదు. తయారైన పెట్టెల్ని వరసలుగా నిలబెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కోదాని ముందూ ఆగేవాడు. అనుమానం వస్తే ఎక్కి నిలబడేవాడు. పెట్టె కిర్రుమంటే "అన్‌ఫిట్" అని పక్కకి తోసేవాడు. ఆ సమయానికి ఆయన దగ్గర పనిచేసే మిస్త్రీ, బీహారు పూర్ణియా నుంచి వచ్చినవాడు, బీడీ వెలిగించుకుని బయట కూర్చునేవాడు. "ఫౌజీ సాబ్, వీటితో లడాయికి పోతామా?" అని అడిగేవాడు. వంగిన మేకుల్ని బాబాయ్ పారెయ్యనిచ్చేవాడు కాదు. రాయి మీద పెట్టి సాపు చేసి, "వొంగినోడికి సెకండ్ పోస్టింగ్," అని డబ్బాలో వేసేవాడు. ఆ డబ్బా మేకులతో మళ్ళీ ఎప్పుడూ పెట్టె కొట్టలేదు. వాటికి సెలవు ఇచ్చాడని పిన్ని అనేది.

నేను వారానికోసారి వెళ్ళేదాన్ని. ఆదివారాలు ఇంట్లో చేసే పని లేక కాదు, ఉన్న పని చెయ్యబుద్ధి కాక. వారమంతా నోయిడాలో చల్లని గదిలో తెర మీద ఎవరి మాటలకో కింద తెలుగు అక్షరాలు అతికించి, క్యాబులో తల కిటికీకి ఆనించి ఇంటికి వచ్చే బతుకు నాది. ఆయన షెడ్డులో రంపం మోతలో ఎవరూ నన్ను ఏమీ అడిగేవారు కాదు. నేను కథలు చెప్పేదాన్ని. ఢిల్లీ మెట్రో కింద రాత్రిళ్ళు మొసలి తిరుగుతుందనీ, మా ఆఫీసు లిఫ్టు ఒకసారి నన్ను ఎక్కించుకుని లేని అంతస్తుకి తీసుకెళ్ళిందనీ. ఆయన మేకులు పెదవుల మధ్య పెట్టుకుని వినేవాడు. కథ అయ్యాక ఒక్క మేకు తీసి, "కొంచెం లూజుగుందమ్మా," అనేవాడు. ఇంకో మేకు కొట్టమని అర్థం.

ఇక మండీ సంగతి. పండ్ల పెట్టె అనేది ఎలా ఉండాలో మండీలో పుట్టిన కుక్కకి కూడా తెలుసు. బద్దల మధ్య సందులుండాలి, పండు గాలి పీల్చుకోవాలి. పెట్టె తేలిగ్గా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, మూత ఒంటిచేత్తో లేవాలి. పొద్దున్నే వేలం పాట అవుతుంది. కమీషన్ ఏజెంటు కుప్ప మీదికెక్కి, ఒక పెట్టె మూత ఎడం చేత్తో ఫట్‌మని లాగి, కుడి చేత్తో పైనున్న పండు ఎత్తి చూపిస్తాడు. కొనేవాళ్ళు వాసన చూస్తారు, పాట మొదలవుతుంది. అంతా ఊపిరి తీసి వదిలేంతలో. ఆ పెట్టె జన్మకి అదొక్కటే ప్రయాణం. తర్వాత పొయ్యిలోకి పోతుంది.

బాబాయ్‌కి ఇవన్నీ ఎవరూ చెప్పలేదని కాదు. చెప్పారు. ఆయన విన్నాడు. చెయ్యి వినలేదు.

ఆయన పెట్టెల్లో దసెహరీ మామిళ్ళు మొదటిసారి వేలానికి వచ్చిన పొద్దున నేను అక్కడే ఉన్నాను. ఏజెంటు నోట్లో పాన్‌తో కుప్ప ఎక్కాడు, ఎప్పట్లాగే ఎడం చెయ్యి వేసి లాగాడు. మూత రాలేదు. మళ్ళీ లాగాడు. పెట్టె మొత్తం చేతికి వచ్చింది, మూత మాత్రం పెట్టెతోనే ఉంది. జనం నవ్వడం మొదలుపెట్టారు. హమాలీ ఒకడు బస్తాలెత్తే కొక్కెం తెచ్చాడు. కొక్కెం మొన తిరిగింది.

"ఫౌజీ సాబ్," అని ఏజెంటు పైనుంచి కేకేశాడు, "ఇందులో ఆమ్ ఉందా, బమ్ ఉందా?" మామిడా, బాంబా అని.

కొనేవాళ్ళు అప్పటికే పక్క కుప్ప దగ్గరికి వెళ్ళిపోయారు. చివరికి బాబాయే సుత్తి వెనక చీలికతో మేకులన్నీ ఒక్కొక్కటే పీకి, వాటిని జాగ్రత్తగా జేబులో వేసుకుని, మూత తెరిచి ఇచ్చాడు. లోపల పండ్లు వేడికి మెత్తబడి ఉన్నాయి. ఊపిరాడలేదు వాటికి. పాట సగానికి పోయింది.

ఏజెంటు చెడ్డవాడు కాదు. చాయ్ తెప్పించాడు. బాబాయ్ భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు: "మీ పనిలో తప్పు లేదు, అదే తప్పు. పండు ఇక్కడికి యుద్ధానికి రాదు, పెళ్ళికి వస్తుంది. ముసుగు తియ్యాలి కదా. వచ్చే సోమవారం ఇంకో లాటు తెండి. ఒంటిచేత్తో తెరుచుకుంటే ఈ సీజనంతా మీవే పెట్టెలు. లేకపోతే అట్టపెట్టెలవాడు రోజూ నా తలుపు కొడుతున్నాడు. ఠీక్ హై?"

"ఠీక్ హై," అన్నాడు బాబాయ్. చాయ్ తాగలేదు.

సోమవారం లాటుకి ముందు రోజు, ఆదివారం మధ్యాహ్నం నేను షెడ్డుకి వెళ్ళాను. అలాంటి నిశ్శబ్దం అక్కడ ఎప్పుడూ లేదు. సుత్తి మిస్త్రీ చేతిలో ఉంది. అతను మండీలో అందరూ చేసే పెట్టెలే చేస్తున్నాడు, పల్చటి బద్దలు, వేళ్ళు దూరే సందులు, మూతకి మూల మూలకి ఒక్కో మేకు, అదీ సగం దాకానే. మధ్యమధ్య ఈల వేస్తున్నాడు. బాబాయ్ వాటి వైపు వీపు పెట్టి, పిన్ని పక్కన కూర్చుని వరిగడ్డి విడదీస్తున్నాడు. ప్రతి దెబ్బకీ ఆయన మెడ వెనక నరం కదులుతోంది.

"ఎవులి పెట్టెలమ్మా అవి?" అన్నాడు నాతో.

"మీవే బాబాయ్."

"నాయి కావు. కమీషన్ ఏజెంటువి."

పిన్ని గడ్డి కింద పడేసి చెప్పింది. "అందులో పండు ఒక్క రేత్రి పడుకుంతాది. తెల్లారితే లేచి పోతాది. దానికి కోట కడతావా? సత్రం చాలదేటి?"

ఆయన నవ్వాడు. పిన్ని మాటకి నవ్వకుండా ఉండడం ఆయన వల్ల అయ్యేది కాదు. "సత్రమైనా గోడ పడి చస్తే పాపం కాదేటే," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, చాలా మామూలుగా, "నాను అలిసిపోలేదమ్మా. చెక్కకి అలుపుండదు. చెట్టప్పుడూ నిలబడే ఉంటాది, పెట్టైనా మోస్తనే ఉంటాది. మరి నాకెందుకో మోకాళ్ళు లాగతన్నాయి," అన్నాడు.

ఆ సాయంత్రం పెరేడు జరగలేదు. పెట్టెలు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. గుంజ మీద యూనిఫాం గాలికి కొంచెం కొంచెం ఊగుతోంది. నేను మొసలి కథ ఇంకో మెలికతో మొదలుపెట్టాను గానీ ఎవరూ వినడం లేదని మధ్యలో ఆపేశాను.

సోమవారం ఏమైందో పిన్ని చెప్పింది. ఆదివారం రాత్రి పండ్లు నింపి మూతలు పెట్టి మిస్త్రీ ఇంటికి వెళ్ళాక, టెంపో రాకముందు, బాబాయ్ పెట్టెల మధ్య ఒక్కడే తిరిగాడు. ఒక దాని మీద కాలు పెట్టాడు. కిర్రుమంది. ఇంకోటి. అదీ కిర్రుమంది. "ఒక్కటి," అన్నాడట పిన్నితో, దొంగ పట్టుబడ్డట్టు. "ఒక్కొక్క మూతకీ ఒకే ఒక్క మేకు. మధ్యలో. ఒకటికేటవుద్ది?"

పిన్ని ఆపలేదు. అన్నం తినకుండా తిరిగేవాణ్ణి ఎంతసేపు ఆపుతాను అంది నాతో.

ఒక్క మేకుకి ఏమవుతుందంటే, ఏజెంటు మూత లాగినప్పుడు మూలలు ఫట్‌మని లేచాయి, మధ్యలో మేకు లేవలేదు. పల్చటి బద్ద నిలువునా చీలింది. చీలిక పుల్లలు పైవరస పండ్లలో గుచ్చుకున్నాయి. ఏజెంటు చేతికి గీసుకుంది. అతను ఈసారి బాంబు మాట అనలేదు. చేతికి రుమాలు చుట్టుకుంటూ బాబాయ్ వైపు చూసి, "ఫౌజీ సాబ్, అబ్ రెహ్‌నే దీజియే," అన్నాడు. ఇక వదిలెయ్యండి అని. చాలా మెల్లగా అన్నాడు. అరిచి ఉంటే బాగుండేదని బాబాయ్ తర్వాత ఎప్పుడో అన్నాడు.

షెడ్డు మూసే రోజున ఆయన రంపం మిషను ఇచ్చేశాడు, మిగిలిన చెక్క ఇచ్చేశాడు, మిస్త్రీకి బాడిసె ఇచ్చేశాడు. పాత పద్ధతిలో చేసిన ఒక పెట్టె మాత్రం తెచ్చుకున్నాడు. కవరు విప్పాడు. యూనిఫాం చేతులు పొడుగ్గా ఉన్నాయి. పిన్ని మడిచి కుట్టింది.

ఏజెన్సీ స్నేహితుడు ఆయన్ని పంపింది ఎక్కడికో కాదు, మా సొసైటీకే. అదేదో నేను కల్పించినట్టు ఉంటుందని తెలుసు. కల్పించాలంటే ఇంతకన్నా బాగా కల్పిస్తాను.

మొదటి రోజు నేను ఆఫీసు క్యాబు మెయిన్ రోడ్డు మీదే దిగిపోయి నడిచి వచ్చాను. కారులో ఆయన ముందునుంచి పోవడం నా వల్ల కాలేదు. ఆయన గేటు పక్కన తన పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. లేచాడు, చిన్న గేటు తీశాడు. కుడి చెయ్యి ప్యాంటు జేబులో ఉంది.

"ఏటమ్మా, నడిసొచ్చీసేవు? క్యాబోడు దింపీసేడా?"

ఏదో చెప్పాను. ఆయన నమ్మినట్టు తల ఊపాడు.

గేటు ఆయన చక్కగా తీసేవాడు. కారు పూర్తిగా ఆగక ముందే గేటు తెరిచి ఉండేది. ముసలివాళ్ళ సంచీలు లిఫ్టు దాకా మోసేవాడు. అందరికీ నమస్తే చెప్పేవాడు. సెల్యూట్ కొట్టేవాడు కాదు. మా కమిటీ సెక్రటరీ బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనాయన. కుర్చీ పోయినా కుర్చీ ముందు నిలబడే మనుషులు కావాలి ఆయనకి. వారం తిరక్కుండానే లిఫ్టు దగ్గర నాతో అన్నాడు: "మీ ఆంధ్రా గార్డ్‌కి క్రమశిక్షణ లేదు మేడమ్. ఆర్మీ అని పంపించారు. సెల్యూట్ చెయ్యడం కూడా రాదు. మార్చెయ్యమని ఏజెన్సీకి చెబుతున్నాను."

లిఫ్టు పైనుంచి దిగుతోంది. నా దగ్గర అంతే సమయం ఉంది.

"రాక కాదు అంకుల్. చెయ్యి లేవదు," అన్నాను.

"అంటే?"

"కుడి భుజంలో బుల్లెట్. సరిహద్దులో కొండ మీది పోస్టుకి గుళ్ళ పెట్టె మోస్తుంటే తగిలింది. మంచు. పెట్టె మాత్రం వదల్లేదు. చెయ్యి ఛాతీ దాకా లేస్తుంది, ఆపైన లేవదు. ఆయన ఎవరికీ చెప్పుకోరు. మీరూ అడక్కండి, బాధపడతారు."

లిఫ్టు వచ్చింది. సెక్రటరీ ఎక్కలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అక్కడే నిలబడిపోయాడు. నా జీవితంలో నేను చెప్పిన అబద్ధాల్లో ఇంత గట్టిగా దిగింది ఇంకోటి లేదు.

ఆ కథ మా మూడు టవర్లకీ పాకింది. ఏజెన్సీకి ఫోను పోలేదు. దాని బదులు, స్కూలు బస్సు దిగిన పిల్లలు గేటు దగ్గర వరసగా ఆగి, నీళ్ళసీసాలు మెళ్ళో ఊగుతుండగా, ఆయనకే సెల్యూట్ కొట్టడం మొదలుపెట్టారు.

ఆయన ఆ సాయంత్రం నా కోసం కాసుక్కూర్చున్నాడు.

"బుల్లెట్టా?" అన్నాడు.

"చిన్నదే బాబాయ్."

"నా సర్వీసంతా నాకు తగిలింది మేకే. బుల్లెట్టు ఎదురుగా చూణ్ణేదు." కోపంగానే మొదలుపెట్టాడు గానీ మధ్యలో కోపం అలిసిపోయింది. "పిల్లలు సెల్యూట్ కొడితే తిరిగి కొట్టకపోతే తప్పమ్మా. కొడితే నీ కథ ఊడిపోద్ది. నన్నేటి చెయ్యమంటావు?"

ఆయనే దారి కనిపెట్టాడు. పిల్లలు సెల్యూట్ కొట్టగానే మడమలు టక్కున కలిపి, గెడ్డం పైకెత్తి, కదలకుండా నిలబడేవాడు. చివరి పిల్ల లోపలికి పోయేదాకా. కార్లకి అది కూడా లేదు.

అయితే చెయ్యి లేవదన్నాక, లేవకూడదు. ఆ ఒక్క సంగతి లిఫ్టు ముందు నాకు తట్టలేదు, ఆయనకి తట్టింది. తల ఎడం చేత్తో దువ్వుకోవడం నేర్చుకున్నాడు. గేటు పైగొళ్ళెం ఎడం చేత్తో. రెండో టవర్‌లో ఒకావిడ చెప్పుల స్టాండు ఊడిపోతే వీధి మూల వడ్రంగి వచ్చి అడ్డంగా మేకులు కొడుతున్నాడు. బాబాయ్ తన కుడి చెయ్యి తొడ కింద పెట్టుకుని పెట్టె మీద కూర్చుని చూశాడు. ఆ మేకులు ఒక్కొక్కటీ వంగుతుంటే ఆయన ముఖం నేను చూడలేకపోయాను. ఆయన మేకులు కొట్టే షెడ్డు పోయింది, ఇప్పుడు సుత్తి పట్టుకునే వీలూ పోయింది.

"మంచి మేకే కొట్టావమ్మా. పీకరాదు," అన్నాడు నన్ను చూసి. "కాపోతే నా చేతిలోంచి కొట్టావు."

నేను నిజం చెప్పేస్తానన్నాను. సెక్రటరీకి ఏదో ఒకటి సర్దిచెబుతానన్నాను.

"వొద్దు," అన్నాడు. "చెప్తే సెల్యూట్ కొట్టాలి. సుత్తి లేకపోయినా బతకొచ్చు." తర్వాత గొంతు తగ్గించి, "ఇంటికాడ తలుపేసుకుని కొట్టుకుంతన్నాన్లే," అన్నాడు.

అది నిజమే. డ్యూటీ అయ్యాక గదిలో తలుపు వేసుకుని, ఒక చెక్క ముక్క ముందు పెట్టుకుని, డబ్బాలోంచి సాపు చేసిన పాత మేకులు తీసి కొట్టేవాడట. మళ్ళీ పీకేవాడట. "వొంగినోళ్ళకి ఇన్నాళ్ళకి పోస్టింగొచ్చింది," అంది పిన్ని. పక్క గదివాళ్ళు గొడవ చేస్తే, చెక్క కింద దిండు పెట్టుకునేవాడు.

పొగమంచు రోజుల్లో దగ్గు పట్టుకుంది. గేటు దగ్గర చలి కాచుకునే మంట ఉండేది, ఆ మంటలో అందరూ పండ్ల పెట్టెల చెక్కలే వేసేవారు. ఆయన దాని దగ్గరికి వెళ్ళేవాడు కాదు. కంటోన్మెంటు ఆసుపత్రిలో కొద్దిరోజులున్నాడు. నేను చివరిసారి వెళ్ళినప్పుడు మంచం పక్క ఇనప బల్ల కాలు ఊగుతుంటే, దాని కింద కాగితం మడిచి పెట్టమని నాకు కళ్ళతో చెప్పాడు. పెట్టాను. బల్ల మీద చెయ్యి వేసి ఊపి చూసి, "లూజు," అన్నాడు. ఇంకో మడత వేశాను. అప్పుడు ఊరుకున్నాడు.

సొసైటీ హాల్లో సంతాప సభ పెట్టారు. ఒక వాచ్‌మన్‌కి సభ పెట్టడం మా దగ్గర అంతకు ముందు లేదు. ముందు వరసలో పిన్ని, పక్కన నేను. సెక్రటరీ మాట్లాడాడు. మంచు, కొండ, గుళ్ళ పెట్టె, అన్నీ వచ్చాయి. నేను చెప్పని నది ఒకటి కూడా వచ్చింది. ఆయన మళ్ళీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "బాయేఁ కంధే మే గోలీ," అన్నాడు. ఎడమ భుజంలో గుండు.

పిన్నికి ఇన్నేళ్ళ ఢిల్లీ హిందీ బాగానే వచ్చు. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి మెల్లగా లేచి నిలబడింది. హాలంతా ఆవిడ వైపు చూసింది.

"దాయేఁ," అంది. "కుడి భుజం."

కూర్చుంది. సెక్రటరీ చేతులు జోడించి క్షమాపణ చెప్పి, కుడి అని దిద్దుకుని, సభ కొనసాగించాడు. పిన్ని నా వైపు చూడలేదు. చీర కొంగు కింద నా చెయ్యి వెతికి పట్టుకుంది, చాలా గట్టిగా.

ఆదివారం కబాడీ అతని రాడ్డు చప్పుడుకి కిందికి వచ్చింది కూడా ఆ సెక్రటరీయే. ఏం చేస్తున్నారని కేకలేశాడు. అది దెబ్బ తిన్న జవాను కూర్చున్న ఆసనమట, దాని మీద చెయ్యి వేస్తే ఊరుకోడట. తీసెయ్యమని చెప్పింది తన కమిటీయేనని ఎవరూ గుర్తు చెయ్యలేదు. కబాడీ అతను నుదురు తుడుచుకుని, ఖాళీ బండి తోసుకుంటూ పోయాడు. పెట్టె గేటు పక్కకి తిరిగి వచ్చింది. దాని మీద గీత పడిందేమోనని చూశాను. ఒకటి పడింది.

ఇప్పుడు గేటు దగ్గర ఉన్నతను యూపీలో ఎటా అనే జిల్లా మనిషి. యాభై దగ్గర పడ్డవాడు, పొలం పోగొట్టుకుని వచ్చాడు. పొద్దున్నించి సెల్యూట్లు కొట్టి కొట్టి సాయంత్రానికి చెయ్యి పైకి వెళ్ళేటప్పుడు పళ్ళు బిగిస్తాడు. ప్లాస్టిక్ కుర్చీ అతనికి కుదరలేదు, పెట్టె మీదే కూర్చుంటున్నాడు. నిన్న ఆఫీసు నుంచి వస్తుంటే నా క్యాబుకి కూడా లేవబోయాడు. నేను దిగి క్యాబుని పంపేశాను.

"దీదీ, ఒక మాట," అన్నాడు. "ముందున్న ఫౌజీ సాబ్ సెల్యూట్ కొట్టేవారు కాదట కదా. ఎవరూ ఏమీ అనేవారు కాదట."

"అనేవారు కాదు."

అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. గేటు అవతల రెండు కార్లు హారన్ కొడుతున్నాయి. లేచి గేటు తీసి, రెండింటికీ చెయ్యెత్తి, వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. కింద పెట్టె కిర్రుమనలేదు.

నాకు కాళ్ళు పీకుతున్నాయి. ఇంటికి వెళ్ళి అన్నం వండాలి. అయినా నిలబడ్డాను.

"భయ్యా, నీ కుడి చేతికి చిన్నప్పుడెప్పుడైనా దెబ్బ తగిలిందా?"

అతను ఆలోచించాడు. "గేదె తోసింది దీదీ. గడ్డివాము మీంచి పడ్డాను. మోచెయ్యి."

"గేదె చాలదు," అన్నాను. "కొంచెం పక్కకి జరుగు. కూర్చుని మాట్లాడదాం."